గడియ ఎటువైపు?

మా ఇంటి పెరటి తలుపు పోయిన వేసవిలో నేనే బిగించుకున్నాను. ప్లాస్టిక్ తలుపు. ఈ మాట చెప్పగానే మిత్రుల్లో కొందరు నవ్వారు, కొందరు మెచ్చుకున్నారు, ఒకరిద్దరు "ఇది కూడా స్త్రీవాదమేనా?" అని అడిగారు. స్త్రీవాదం అనుకుని మొదలుపెట్టలేదు. చెదలు తిన్న తలుపు ఊడిపోతే కొత్తది పెట్టాలి కదా అని మొదలుపెట్టాను. కానీ ఆ రోజున్నర పనిలోనూ, ఆ తర్వాత ఒక బస్తీలో ఇంకో తలుపు బిగించడంలోనూ కొన్ని విషయాలు తోచాయి. స్త్రీలకు ఇంటి మీద ఉన్న హక్కు గురించి ఏళ్ళ తరబడి రాస్తూ, మాట్లాడుతూ ఉన్నా అవి నాకు అంతకు ముందు తోచలేదు. అవి మీ ముందు పెట్టాలనే ఇది రాస్తున్నాను.

ముందు పెరటి తలుపు గురించి చెప్పాలి. మన మధ్యతరగతి ఇళ్ళలో రెండు తలుపులకు రెండు హోదాలు. వీధి తలుపు టేకుది. దాని మీద చెక్కడపు పని, పండగొస్తే మామిడి తోరణం. పెరటి తలుపు ఏది చవగ్గా దొరికితే అది - మద్ది చెక్కో, ఇనప రేకో, ఈ మధ్య ప్లాస్టిక్. వీధి తలుపులోంచి చుట్టాలు, పెళ్ళివారు, ఇంటి యజమాని వస్తారు. పెరటి తలుపులోంచి అంట్లు తోమే మనిషి వస్తుంది. ఒకప్పుడు పాయఖానా ఎత్తే మనిషి అటు నుంచే రావాలి, అటే పోవాలి. ముట్టయిన ఆడవాళ్ళు కూర్చున్నదీ ఆ వైపే. ఒక ఇంట్లో కులం ఎక్కడుంది, స్త్రీ ఎక్కడుంది అని ఎవరైనా విద్యార్థి అడిగితే పుస్తకం తెరవనక్కర్లేదు, ఆ ఇంటి రెండు తలుపులూ చూపిస్తే చాలు.

ఇంకో సంగతి. గడప కడిగి పసుపు రాసేది మనం. బొట్లు పెట్టేది, ముందు ముగ్గు వేసేది మనం. ఆ తలుపు బందు వదులైతే బిగించేది మాత్రం మనం కాదు. ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవరు ఏ అరలో ఉందో మనలో ఎంతమందికి తెలుసు? నేను పిహెచ్.డి. చేసింది శ్రమ విభజన మీదే. స్త్రీల పని, పురుషుల పని అనే తేడా ప్రకృతి పెట్టింది కాదు, సమాజం పెట్టింది అని రెండు అధ్యాయాలు రాశాను. అది రాసేనాటికి గోడకు ఒక్క మేకు కొట్టి ఎరగను!

ఇద్దరు వడ్రంగులకు చెప్పాను. చిన్న పని కాబట్టి ఇదిగో వస్తాం, అదిగో వస్తాం అంటూ మూడు వారాలు గడిపారు. దుకాణానికి వెళ్ళి తలుపు గురించి అడిగితే కౌంటరు దగ్గర కుర్రాడు, "సార్‌ని పంపించండి మేడం, కొలతలు ఆయనకు చెప్తాం" అన్నాడు. మా ఇంట్లో సార్ ఎవరూ లేరు. నేనూ, మా అమ్మా ఉంటాం. ఆ మాట చెప్పాక అతను నా వంక జాలిగా చూశాడు. ఆ జాలే నా చేత ఈ పని చేయించిందని ఒప్పుకోవాలి.

తలుపుల్లో రెండు రకాలు చూశాను. స్నానాల గదులకు పెట్టేది లోపలంతా బోలుగా, తేలిగ్గా ఉంటుంది. బయటి తలుపుకు అది పనికిరాదు. రెండోది యుపివిసి. మెత్తబరిచే పదార్థాలు కలపకుండా చేసిన గట్టి ప్లాస్టిక్, చౌకట్టు లోపల తుప్పుపట్టని ఉక్కు గొట్టం ఉంటుంది. చెద పట్టదు, వానకు ఉబ్బదు. కానీ ఎండకు సాగుతుంది. రెండు మీటర్ల ఎత్తు తలుపు, వేడి 30 డిగ్రీలు పెరిగితే నాలుగు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. మా పెరడు పడమర వైపు. అందుకని చౌకట్టుకూ గోడకూ మధ్య చుట్టూ సందు వదలాలి. ఖాళీ వెడల్పు పైన, మధ్యన, కింద మూడుచోట్ల కొలిచి, అన్నిటికన్నా చిన్న కొలత తీసుకుని, అందులోంచి అర అంగుళం తగ్గించాలి. ఎత్తుకూ అంతే. మా గోడ పైకీ కిందికీ అర అంగుళం తేడా ఉంది. ఒక్కచోటే కొలిచి ఉంటే తలుపు వాపసు పంపాల్సి వచ్చేది.

పాత గుమ్మం ఊడబీకడానికే ఒక పూట పట్టింది. అది గోడలోకి దిగేసిన ఇనప పట్టీల మీద నిలబడి ఉంది. రంపంతో వాటిని కోయాల్సి వచ్చింది. తర్వాత కొత్త చౌకట్టు నిలబెట్టి, చుట్టూ చిన్న చెక్కముక్కలు ఇరికించి, రసమట్టం పెట్టి చూశాను. ఎంత సరిచేసినా ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. గంట సేపు అదే పని. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె చేతులు కడుక్కుని వచ్చి కాసేపు చూసింది.

"గట్ల కాదు మేడం. నీళ్ళ పైపు ఉందా? తెల్లది, లోపట నీళ్ళు కనవడేది?"

పైపు తెచ్చి నీళ్ళు నింపాం. ఒక కొస నన్ను పట్టుకోమంది, ఇంకో కొస తను పట్టుకుంది. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టానికి వస్తాయి. అక్కడ గోడ మీద గీతలు గీసింది. ఆ గీతల లెక్కన చౌకట్టు నిలబెట్టాం. నిలువు సరిగా ఉందో లేదో చూడ్డానికి దారానికి రాయి కట్టి వేలాడదీసింది. మూల నుంచి మూలకు రెండు వైపులా దారంతో కొలిచి, రెండు కొలతలూ ఒకటే అయ్యేదాకా ఊరుకోలేదు.

ఆమెది పాలమూరు. పదహారేళ్ళ వయసులో మేస్త్రీ వెంట హైదరాబాదు వచ్చింది. పన్నెండేళ్ళు కట్టుబడి పనిలో ఉంది. నడుము పడిపోయాక ఇళ్ళల్లో పనికి దిగింది. "మా మేస్త్రి గిట్లనే పట్టుమనేటోడు. ఒక కొస నేను పట్టేది, ఇంకో కొస ఆయన పట్టి గీత గీసేటోడు" అని చెప్పింది. మీరెప్పుడైనా గీశారా అని అడిగాను. "ఆడోళ్ళతోని గీపిస్తరా మేడం!" అని నవ్వింది.

ఈ ఒక్క మాటలో మొత్తం సంగతి ఉంది. నగరంలో లేచిన ప్రతి భవనం వెనకా ఆడకూలీలున్నారు. ఇసుక మోసేది, ఇటుక అందించేది, సిమెంటు కలిపేది వాళ్ళే. తాపీ మాత్రం చేతికి రాదు. రసమట్టం చేతికి రాదు. పన్నెండేళ్ళు పైపు కొస పట్టుకున్న మనిషికి మట్టం కట్టడం రాదని ఎవరనగలరు? వచ్చు. ఆ వచ్చినదానికి పేరు లేదు, అందుకే కూలీ లేదు. 1976లో సమాన వేతనాల చట్టం వచ్చింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ సూత్రం ఉంది. ఒకే రకం పనికి ఒకే వేతనం. కానీ మగవాడి పనికి 'మేస్త్రీ పని' అనీ ఆడదాని పనికి 'కూలి పని' అనీ పేరు పెట్టేశాక ఆ రెండూ ఒకే రకం పని ఎందుకవుతాయి? చట్టానికి దొరక్కుండా తప్పించుకునే దారి పనిముట్టు దగ్గరే ఉంది. పనిముట్టు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మేస్త్రీ.

ఆ రోజు డ్రిల్లింగ్ మిషను నేను పట్టుకున్నాను. ముందు ప్లాస్టిక్‌లో మామూలుగా రంధ్రం చేసి, గోడ తగిలాకే మిషన్ని సుత్తిదెబ్బల వైపు మార్చాలి. లేకపోతే చౌకట్టు చిట్లుతుంది. మూలలకు ఆరంగుళాల దూరంలో ఒక మర, తర్వాత రెండడుగులకు మించకుండా ఒక్కొక్కటి. నడిమి మరను నేను బలంకొద్దీ బిగించేశాను. చౌకట్టు గోడ వైపు వంగి, తలుపు రాసుకుంది. "ఇరికిస్తే వంగుతది మేడం, ఇడిసిపెట్టు జర" అంది. ఒక చుట్టు వదులు చేస్తే సరిపోయింది. సందుల్లో సిలికాను నింపి, సాయంత్రానికి తలుపు వేసి చూస్తే చప్పుడు లేకుండా పడింది. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మా అమ్మ వచ్చి చూసి, "గడప లేని గుమ్మం ఏం గుమ్మమే? పసుపు ఎక్కడ రాయను?" అంది. నిజమే, ఈ చౌకట్టుకు కింది కమ్మీ లేదు. మూడు వైపులే. 'గడప దాటిన ఆడది' అని మనల్ని తిట్టడానికి ఇక్కడ గడపే లేదమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. మర్నాడు ఆ రాయి మీదే పసుపు రాసి రెండు గీతల ముగ్గు వేసింది. నేనేమీ అనలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సాయంత్రం ఆమె వెళ్తుంటే జీతం కాక ఏదో కొంత చేతిలో పెట్టాను. తీసుకుని వెళ్ళిపోయింది. రాత్రి ఈ పని గురించి డైరీ రాసుకుంటూ 'నేనే బిగించుకున్నాను' అని రాశాను. అప్పుడు తట్టింది. ఆ మేస్త్రీ చేసిందే నేనూ చేశాను. మట్టం ఆమె కట్టింది, మిషను నా చేతిలో ఉంది, పేరు నాకొచ్చింది. కూలి కూడా ఇష్టమొచ్చినంత ఇచ్చాను. మర్నాడు మేస్త్రీకి ఇచ్చే రోజు కూలి ఎంతో కనుక్కుని ఆ మొత్తం ఇచ్చాను. ఈ వ్యాసం మొదటి వాక్యం అబద్ధమని తెలిసి కూడా మార్చకుండా ఉంచాను. అలాంటి వాక్యాలు ఎంత సులువుగా రాసేస్తామో చదివేవాళ్ళకు తెలియాలని.

డబ్బు తీసుకుంటూ ఆమె అడిగింది: "మా బిడ్డ ఉన్న ఇంటికి గూడ గిసుంటి తలుపు పెట్టొస్తదా మేడం?"

కూతురు రెండేళ్ళ పాపతో భర్త దగ్గర నుంచి వచ్చేసి తల్లి దగ్గర ఉంటోంది. ఒకటే గది, రేకుల కప్పు. చెక్క పట్టీలకు తగరపు రేకు కొట్టి తలుపన్నారు. లోపల గడియ లేదు, తీగ చుట్టుకుని పడుకుంటారు. అతను రెండుసార్లు రాత్రి తాగొచ్చి రేకు ఊడదన్నాడు. ఠాణాకు వెళ్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి నచ్చజెప్పి పంపారు.

ఆ తలుపు పని మా ఇంటి పనిలాంటిది కాదు. నాలుగంగుళాల గోడ, సిమెంటు తక్కువ, ఇసుక ఎక్కువ. మరలకు ప్లగ్గులు నిలవలేదు. చౌకట్టుకు ఇనప పట్టీలు బిగించి, గోడ తొలిచి, కంకర సిమెంటుతో వాటిని పాతాం. అది గట్టిపడే రెండు రాత్రులు తల్లీ కూతురూ పాపా మా ఇంట్లో పడుకున్నారు. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాం. తన్నితే దెబ్బ ఒక్క గడియ మీదే పడకుండా చౌకట్టంతా కాస్తుంది. పైనొకటి, కిందొకటి గడియలు. వాటి మరలు ప్లాస్టిక్‌తో ఆగకుండా లోపలి ఉక్కులోకి దిగేలా చూశాం.

తలుపుతోపాటు వచ్చిన సామానులో బయటి వైపు పెట్టే గొళ్ళెం కూడా ఉంది. ఎక్కడ పెట్టాలో గుర్తు పెడుతుంటే ఆ అమ్మాయి గట్టిగా, "బయట గొళ్ళెం వద్దు" అంది. మరి బయటికి వెళ్తే ఎలా అన్నాను. "ఏదన్న తాళం పెట్టు. గొళ్ళెం మాత్రం వద్దు." అత్తవారింట్లో అతను పనికి వెళ్తూ బయట గొళ్ళెం పెట్టి పోయేవాడట. పాలకు పాప ఏడుస్తున్నా సాయంత్రం దాకా తీసే దిక్కు లేదట. చివరికి లోపలి నుంచి తాళంచెవి లేకుండానే తెరుచుకునే తాళం వెతికి తెచ్చాం.

మన ఇళ్ళల్లో గదుల తలుపులకు బయట కూడా గడియ ఎందుకుంటుందని నేనెప్పుడూ ఆలోచించలేదు. మన దగ్గరకొచ్చిన ఎన్ని కేసుల్లో 'బయట గడియ పెట్టి' అన్న మాట రాసుకున్నాం! కొట్టి బయట గడియ పెట్టారు. ప్రేమించిందని బయట గడియ పెట్టారు. నిప్పంటుకున్నప్పుడు తలుపు బయట గడియ వేసి ఉంది. తలుపు స్త్రీని కాపాడుతుందా, బంధిస్తుందా అన్నది తలుపు చెక్కదా ప్లాస్టిక్‌దా అన్నదాన్ని బట్టి ఉండదు. గడియ ఎటువైపు ఉంది, ఎవరు పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

చట్టం ఇంటి మీద స్త్రీకి హక్కు ఇవ్వడానికి చాలా కాలం తీసుకుంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఉండేది. మగ వారసులు తమ వాటాలు పంచుకోవాలనుకునేదాకా ఆడ వారసులు నివాసపు ఇంటిలో భాగం అడగకూడదు. కూతురు ఆ ఇంట్లో ఉండాలన్నా పెళ్ళి కానిదో, భర్త వదిలేసిందో, భర్త నుంచి విడిపోయిందో, వితంతువో అయివుండాలి. దాన్ని తీసెయ్యడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సంవత్సరమే గృహహింస చట్టం కూడా వచ్చింది, 2006 అక్టోబరులో అమలయింది. దాని 17వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి నివాసంలో ఉండే హక్కు స్త్రీకి ఉంది, ఇల్లు ఆమె పేరున లేకపోయినా సరే. 19వ సెక్షన్ కింద ఆమెను వెళ్ళగొట్టకుండా కోర్టు ఉత్తర్వు ఇవ్వవచ్చు. భర్త పేరున కాక అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా ఉమ్మడి నివాసం కావచ్చునని 2020లో సుప్రీంకోర్టు సతీష్ చందర్ అహుజా కేసులో చెప్పింది. ఇవన్నీ పోరాడి సాధించుకున్నవే. కానీ ఉత్తర్వు చేతిలో పట్టుకుని వెళ్ళిన స్త్రీకి తలుపు తాళం మార్చేసి కనిపిస్తుంది. దరఖాస్తు వేసిన మూడు రోజుల్లో మొదటి విచారణ ఉండాలని చట్టం చెబుతుంది. ఆ మూడు రాత్రులు ఎలా గడవాలో చట్టం చెప్పదు.

తలుపు పెట్టిన పదిరోజులకు అతను మళ్ళీ వచ్చాడు. తన్నాడు. తలుపు కదిలింది కానీ ఆగింది. ఎంతసేపో ఆగలేదు, ఆగనక్కర లేకపోయింది. ఈలోగా పక్కిళ్ళవాళ్ళు లేచారు. అతను వెళ్ళిపోయాడు. ఇంటికి ప్లాస్టిక్ తలుపు పెడితే హింస ఆగుతుందని నేననడం లేదు. తలుపు కొంత వ్యవధి ఇస్తుంది, అంతే. ఆ అమ్మాయి ఇప్పుడు 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు కోసం దరఖాస్తు పెట్టుకుంది. ఆ దరఖాస్తు రాసేటప్పుడు నాకో విషయం తట్టింది. 20వ సెక్షన్ కింద ఆస్తి ధ్వంసం వల్ల కలిగిన నష్టాన్ని అడగవచ్చు. కొట్టిన దెబ్బలు రాస్తాం, గుంజుకున్న బంగారం రాస్తాం. విరగ్గొట్టిన తలుపు ఎందుకు రాయం?

ఈ మాటలు ఒక చిన్న సమావేశంలో చెప్పినప్పుడు మూడు అభ్యంతరాలు వచ్చాయి. వంటా, పిల్లలూ, ఉద్యోగమూ చాలవన్నట్టు ఇక తలుపులు కూడా మనమే బిగించుకోవాలా అన్నారొకరు. న్యాయమైన ప్రశ్న. అందరూ బిగించుకోవాలని నేననను. రాకపోవడం వల్ల ఆగిపోవడం వేరు, వచ్చి కూడా వేరొకరితో చేయించుకోవడం వేరు. వడ్రంగుల పొట్ట కొట్టడం కాదా అన్నారు ఇంకొకరు. వడ్రంగి పని మీద ఎప్పుడో దెబ్బ పడింది. ఫ్యాక్టరీలో తయారై వచ్చే తలుపులు ఆ దెబ్బ కొట్టాయి. ఆ నష్టానికి పనిలోకి ఇంకా అడుగే పెట్టని ఆడవాళ్ళను బాధ్యుల్ని చెయ్యడం సరికాదు. మూడోది ప్లాస్టిక్ గురించి. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అది మట్టిలో కలవదు, కాలితే ఘాటైన విషవాయువు వస్తుంది. నిప్పుకు దగ్గరగా పెట్టకూడదు. టేకు కొనగలిగినవాళ్ళకు ఈ చర్చ అవసరం. తీగ చుట్టుకుని పడుకునేవాళ్ళకు ముందు తలుపు అవసరం.

మనం చెయ్యవలసింది ఏమిటి? ఏ స్త్రీల శిక్షణా కేంద్రానికైనా వెళ్ళి చూడండి. కుట్టుమిషన్లు, అప్పడాలు, పచ్చళ్ళు, బ్యూటీ పార్లరు. ప్రభుత్వం ఇచ్చినా, మనలాంటి సంస్థలు ఇచ్చినా శిక్షణ అంటే ఇవే. ఇంట్లో చేసేదాన్నే బజారులో చెయ్యమనడం తప్ప ఇందులో కొత్తదనం ఏముంది? జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ కాలంలో మరుగుదొడ్లు కట్టడానికి తాపీపని నేర్చుకున్న స్త్రీలను 'రాణీ మిస్త్రీ'లంటారు. కేరళలో కుటుంబశ్రీ సంఘాల స్త్రీలు బృందాలుగా ఏర్పడి ఇళ్ళే కడుతున్నారు. మనకు చేతకానిదేమీ కాదు. మన దగ్గరున్న ఆడకూలీల్లో సగం పని తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు కావలసింది మిగిలిన సగమూ, పనిముట్లూ, మేస్త్రీ అనే పేరూ, ఆ కూలీ.

మా సంస్థ ఆఫీసులో ఒక పెట్టె పెట్టాం. అందులో డ్రిల్లింగ్ మిషను, రసమట్టం, సుత్తి, రంపం, రకరకాల గడియలు, మరలు ఉన్నాయి. ఎవరైనా పట్టుకెళ్ళి వాడుకుని తెచ్చివ్వవచ్చు. నెలలో మొదటి ఆదివారం నేర్పడం కూడా మొదలుపెట్టాం. నేర్పేది నేను కాదు, పాలమూరు నుంచి వచ్చిన ఆమె. రోజుకు మేస్త్రీ కూలి ఇస్తున్నాం. మొదటి ఆదివారం పదకొండుమంది వచ్చారు. నీళ్ళు నింపిన పైపు ఒక కొస నా చేతికిచ్చి పట్టుకోమంది. రెండో కొస దగ్గర గీత తనే గీసింది.